మీ ఊరికి రైలెందుకు లేదు?

పోయిన సంక్రాంతికి హాస్టల్ ఖాళీ అవుతున్న రోజు. నేను పాలకొల్లు వెళ్ళాలి. నా రూమ్మేట్ అమలాపురం దగ్గర వాళ్ళ పల్లెకి వెళ్ళాలి. మ్యాపులో చూస్తే రెండు ఊళ్ళకీ పెద్ద దూరం లేదు, మధ్యలో వశిష్ఠ గోదావరి అడ్డం, అంతే. కానీ నేను రాజమండ్రి స్టేషన్‌కి, వాడు బస్ కాంప్లెక్స్‌కి. బ్యాగు సర్దుకుంటూ ఊరికే అన్నాను, "మీ ఊరికి రైలెందుకు లేదురా?" అని. వాడు తలెత్తకుండానే, "ముందు మీ ఊరికి ఎందుకుందో చెప్పు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పట్నుంచీ ఎక్కుతున్న రైలు. సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పోర్చుగల్‌లో ఐఫెల్ కంపెనీ కట్టిన వంతెన గురించి సెమినార్ ఇచ్చాను. రోజూ కిటికీలోంచి కనిపించే మన పాత బ్రిడ్జికి ఎన్ని స్పాన్లో అడిగితే మాత్రం నోరు వెళ్ళబెట్టేవాణ్ణి.

ఆ సెలవుల్లో మొదలుపెట్టి ఈ సెమిస్టర్ అంతా వాడి ప్రశ్న వెంట తిరిగాను. లైబ్రరీలో కొంత, రైల్లో కొంత. ఈ వ్యాసం వాడికి బాకీ పడ్డ జవాబు.

పట్టాల కంటే ముందు నీళ్ళు

మన డెల్టాలో రైలు కథ రైలుతో మొదలవదు, కాలువతో మొదలవుతుంది. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహం లేని ఊరు మన రెండు జిల్లాల్లో వెతకాలి. ఆయన తవ్వించిన కాలువలు పొలాలకి నీళ్ళివ్వడానికే అని మనం అనుకుంటాం. అది సగం నిజం. పెద్ద కాలువల్ని పడవలు తిరిగేలా లాకులు పెట్టి మరీ తవ్వారు. ధవళేశ్వరం నుంచి కాకినాడకీ, ఇటు ఏలూరు వైపుకీ ధాన్యం, కొబ్బరి, బెల్లం, పెళ్ళి బృందాలు, అన్నీ నీటి మీదే వెళ్ళేవి.

ఇక్కడో తమాషా ఉంది. హిందుస్థానానికి రైళ్ళకన్నా నీటి దారులే చవక, అవే మేలు అని ఇంగ్లండులో గట్టిగా వాదించిన మనిషి కాటనే. అంటే మన డెల్టాని డెల్టాగా మార్చిన ఇంజినీరు రైలు పక్షం కాదు. ఆయన 1899లో చనిపోయాడు. అప్పటికి ధవళేశ్వరానికి కొద్ది మైళ్ళ ఎగువన రైలు వంతెన స్తంభాలు లేస్తున్నాయి.

ఈ విషయం గుర్తు పెట్టుకోండి. కాలువ బాగా పనిచేసే చోటికి రైలు ఆలస్యంగా వస్తుంది. కోనసీమ కథలో ఇది మళ్ళీ అవసరమవుతుంది.

గోదావరిని ఎక్కడ దాటాలి?

రైలు మన దగ్గరికి మన కోసం రాలేదు. మద్రాసునీ కలకత్తానీ తీరం వెంబడి కలపాలి, అది లెక్క. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో కటక్ నుంచి బెజవాడ దాకా 1893కీ 1896కీ మధ్య లైను ముక్కలు ముక్కలుగా తెరిచారు. మధ్యలో గోదావరి.

మ్యాపు తీసి చూడండి. ధవళేశ్వరం దాటాక నది చీలిపోతుంది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ. కింద ఎక్కడ దాటాలన్నా రెండు మూడు పెద్ద వంతెనలు కట్టాలి. మరీ పైకి పోతే పాపికొండలు. నది ఒక్కటిగా ఉండి, రెండు గట్లూ గట్టిగా ఉండి, పాత ఊరు, పాత రేవు ఉన్న చోటు రాజమండ్రి, కొవ్వూరు. రాజరాజ నరేంద్రుడు పదకొండో శతాబ్దంలో రాజధానిగా ఏలిన ఊరికి మెయిన్ లైను వచ్చింది ఆ రాజు మీద గౌరవంతో కాదు. డెల్టా నెత్తి మీద దాటడానికి వీలైన చోటు ఆ రోజుల్లో రాజులకీ అదే, తర్వాత రైలు ఇంజినీర్లకీ అదే.

వంతెన లేని ఆ కొన్నేళ్ళూ రైలు ఈ గట్టు దాకా వచ్చి ఆగేది. జనం దిగి, సామాను దించుకుని, రేవులో నది దాటి, అవతలి గట్టు మీద మళ్ళీ రైలెక్కేవారు. ఇటలీలో వెనిస్‌కి 1846 దాకా ఇదే గతి. నేల మీది నుంచి ఆ ఊరికి పడవ తప్ప దారి లేదు. ఉప్పుకయ్య మీద 222 కమానుల రైలు వంతెన పడ్డాకే రైలు ఊళ్ళోకి వెళ్ళింది. వంతెన వచ్చాక వెనిస్ మారిపోయింది. రాజమండ్రి కూడా.

మూడు వంతెనలు, ఒక పాఠం

మన పాత బ్రిడ్జి పని 1897 నవంబరులో మొదలైంది, 1900 ఆగస్టులో రైలు దాటింది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. 1974లో రోడ్ కం రైలు బ్రిడ్జి వచ్చింది, కింద రైలు, పైన రోడ్డు. 1997లో ఆర్చ్ బ్రిడ్జి వచ్చింది. అదే ఏడు పాతదాని మీద రైళ్ళు ఆపేశారు. తొంభై ఏడేళ్ళ సర్వీసు అన్నమాట.

ఇప్పుడు సివిల్ వాళ్ళ కోసం చిన్న లెక్క. మిగతా బ్రాంచీలవాళ్ళు కూడా చదవచ్చు, ఫార్ములాలు లేవు.

మొదటి వంతెన: 56 స్పాన్లు, ఒక్కొక్కటి 45.7 మీటర్లు. అంటే నదిలో 55 స్తంభాలు.

రెండోది: 91.5 మీటర్ల స్పాన్లు 27, 45.7 మీటర్లవి 7. మొత్తం 34, స్తంభాలు 33.

మూడోది: సుమారు 97.5 మీటర్ల కాంక్రీటు విల్లులు 28. స్తంభాలు 27.

నది మారలేదు. వెడల్పూ దాదాపు అంతే. స్తంభాలు మాత్రం 55 నుంచి 27కి దిగాయి. ఎందుకు? గోదావరి అడుగున ఇసుక. వరదలో ఆ ఇసుక కోసుకుపోతుంది. అందుకని ప్రతి స్తంభం కిందా బావి లాంటి పునాదిని లోతుగా దించాలి. పనిలో ప్రాణాంతకమైన భాగం, ఖర్చైన భాగం అదే. స్తంభం ఒకటి తగ్గితే వరదతో పోట్లాట ఒకటి తగ్గినట్టు. కానీ స్తంభాలు తగ్గాలంటే పైన స్పాన్ పొడవు పెరగాలి. అంత పొడవుని మోసే ఉక్కు, ఆ తర్వాత ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు చేతికొస్తేనే అది కుదురుతుంది. మూడు వంతెనల్నీ పుష్కర్ ఘాట్ వైపు గట్టు మీద నిలబడి ఒక్కసారి చూస్తే దాదాపు వందేళ్ళ స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ సిలబస్ మీ కళ్ళ ముందు నడుస్తుంది. నాకు అది మూడో సంవత్సరంలో గానీ కనిపించలేదు.

తూర్పు దారి: రాజమండ్రి నుంచి కాకినాడ

ప్యాసింజర్ ఎక్కండి. ఎక్స్‌ప్రెస్ వద్దు, అది ఊళ్ళని మింగేస్తుంది. రాజమండ్రి దాటాక కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట. దూరం సుమారు 50 కిలోమీటర్లు.

బిక్కవోలులో దిగండి. ఊరి పేరు అసలు 'బిరుదాంకప్రోలు' అని చెబుతారు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి బిరుదు మీద వచ్చిన పేరు. ఆయన ఏలుబడి 849 నుంచి 892 దాకా. ఆ కాలపు గుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, కొన్ని పొలాల్లో. మేం వెళ్ళినప్పుడు ఒక గుడి పక్కన వరికోత జరుగుతోంది. పదకొండు వందల ఏళ్ళ గోడ నీడలో కూలీలు క్యారేజీలు విప్పుకుని తింటున్నారు. ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తి, మళ్ళీ జేబులో పెట్టేశాను. అన్నం తినేవాళ్ళని ఫోటో తీయడం బాగోదనిపించింది.

సామర్లకోటలో కుమారారామ భీమేశ్వరాలయం. విజయాదిత్యుడి తర్వాత వచ్చిన చాళుక్య భీముడు కట్టించాడు. గుడి రెండంతస్తులు. లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది, అభిషేకం మేడ మీద చేస్తారు. పంచారామాల్లో అమరావతి ఒక్కటి పక్కన పెడితే మిగతా నాలుగూ మన డెల్టాలోనే: సామర్లకోట, ద్రాక్షారామం, భీమవరం, పాలకొల్లు. నాలుగు ఊళ్ళకీ ఏదో ఒక కాలంలో రైలు చేరింది.

మెయిన్ లైను సామర్లకోట నుంచి నేరుగా వైజాగ్ వైపు పోతుంది. కాకినాడ వెళ్ళాలంటే బ్రాంచి లైనులోకి తిరగాలి. దాన్ని సముద్రం కోసం వేశారు. కాకినాడలో జగన్నాథపురం 1825 దాకా డచ్చివాళ్ళది. పక్కనే యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళది. కొంచెం దిగువన కొరింగ ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుఫాను దాన్ని కొట్టేసింది. అక్కణ్ణుంచి ఓడెక్కి బర్మా, మారిషస్ వెళ్ళిన మనవాళ్ళని అక్కడ ఊరి పేరుతోనే 'కొరంగీలు' అన్నారు. ఒక ఊరు పోయింది, దాని పేరు మాత్రం సముద్రం అవతల మనుషులకి మిగిలింది.

పడమటి దారి: నిడదవోలు నుంచి నరసాపురం

ఇది నా సొంత లైను, అందుకే కొంచెం ఎక్కువ మాట్లాడతాను.

వంతెన దాటాక కొవ్వూరు, ఆ తర్వాత నిడదవోలు జంక్షన్. కాకతీయ రుద్రమదేవి భర్త వీరభద్రుడు ఈ నిడదవోలు చాళుక్యుడే. ఓరుగల్లు కోట చూడ్డానికి టూర్ వేసుకుని వెళ్ళాం. రుద్రమ అత్తవారి ఊళ్ళో మాత్రం క్రాసింగ్ కోసం రైలు ఆగితే "ఇంకెంతసేపు?" అని విసుక్కుంటాం. నేనైతే పద్దెనిమిదేళ్ళు విసుక్కున్నాను.

అక్కణ్ణుంచి తణుకు, అత్తిలి, భీమవరం, వీరవాసరం, పాలకొల్లు, చివర నరసాపురం. దారంతా పక్కన కాలువో, చెరువో, వరో. భీమవరానికి గుడివాడ వైపు నుంచి 1928లోనే మీటర్ గేజ్ మీద రైలొచ్చింది. భీమవరం గునుపూడిలో సోమారామం, పాలకొల్లులో తొమ్మిది అంతస్తుల గాలిగోపురంతో క్షీరారామం. మా పాలకొల్లులో డచ్చివాళ్ళ సమాధులున్నాయని నేను ఈ వ్యాసం కోసం చదివితే గానీ తెలియలేదు. ఇంటికెళ్ళి నాన్నని అడిగితే, "ఆ, ఉన్నాయి కదరా" అన్నారు, అదేదో పాల కేంద్రం ఎక్కడుందో చెప్పినట్టు.

నరసాపురం పక్కన మాధవాయిపాలెం అనే చిన్న ఊరుంది. ఇంగ్లీషు వర్తకులు అక్కడ గిడ్డంగి పెట్టి, చుట్టుపక్కల నేతగాళ్ళ బట్ట కొని ఓడలకెక్కించేవారు. ఊరి పేరు వాళ్ళ నోట్లో 'మడపొల్లం' అయింది. ఆ రకం నూలు బట్టకి ఆ పేరే స్థిరపడి ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. ఈ లైను చివరి స్టేషన్ దగ్గరి పల్లె ఒకటి ప్రపంచంలో ఒక బట్టకి పేరు పెట్టిందన్నమాట.

ఆ రోజు మా పెట్టెలో ఎదురుగా ఒక మామ్మ కూర్చుంది. ఒళ్ళో తెల్ల దారం ఉండ, చేతిలో కొక్కెం సూది. రైలు కుదుపుతున్నా వేళ్ళు ఆగట్లేదు. నరసాపురం లేసు. మిషనరీలు నేర్పిన ఈ పని వందేళ్ళకి పైగా ఇక్కడి ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. 2024లో దీనికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఆ సంగతి చెబితే మామ్మ నవ్వి, "అదేంటో నాకు తెలీదు గానండి బాబూ, రేటేమన్నా పెరుగుతాదా?" అంది. నేను జీఐ ట్యాగ్ అంటే ఏంటో వివరించగలిగాను. ఆ ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

మధ్యలో ఖాళీ

ఇప్పుడు రెండు దారుల్నీ ఒక కాగితం మీద గీయండి. తూర్పున కాకినాడ, పడమర నరసాపురం. మధ్యలో గౌతమికీ వశిష్ఠకీ నడుమ త్రికోణంలా ఒక ఖాళీ. అదే కోనసీమ. 2022 నుంచి అమలాపురం జిల్లా కేంద్రం. రైల్వే స్టేషన్ లేని జిల్లా కేంద్రం.

మా ఊరికి రైలెందుకుంది? వశిష్ఠకి ఇవతలి గట్టున ఉంది కాబట్టి. నిడదవోలు నుంచి పాలకొల్లు దాకా దాటాల్సినవి కాలువలే, గోదావరి పాయ ఒక్కటీ అడ్డం రాదు. వాడి ఊరికెందుకు లేదు? ఎటు నుంచి వచ్చినా నదిని దాటాలి కాబట్టి. పైగా కాలువ పడవలు, రేవు పంట్లు పని నడిపించేవి. వీళ్ళకి అంత అవసరం లేదులే అని అనుకోవడం పై వాళ్ళకి తేలికైంది.

కానీ కథ అంతటితో అయిపోలేదు. 1928లో కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి గట్టున ఉన్న కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైను వేశారు. రైలు కోనసీమ గుమ్మం దాకా వచ్చింది. పన్నెండేళ్ళు తిరిగింది. 1940లో, రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకి ఇనుము కావాలని ఆ పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. ఎక్కడో ఐరోపాలో మొదలైన యుద్ధం ద్రాక్షారామం రైలుని తినేసింది.

మళ్ళీ ఆ లైను వేసింది 2004లో. అరవై నాలుగేళ్ళ తర్వాత. అమలాపురం నుంచి ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి కాలంలో, కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీదా మూడు వంతెనలు కావాలి. బాలయోగి 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. వంతెనల స్తంభాలు లేచాయి. నేనిది రాసేనాటికి రైలు మాత్రం రాలేదు.

వాడి ప్రశ్నకి జవాబు ఇదీ. మా ఊరిది అదృష్టం కాదు, వాళ్ళ ఊరిది దురదృష్టం కాదు. నది ఎక్కడ చీలిందో దాన్నిబట్టి కొంత, ఏ సరుకు ఏ రేవుకి పోవాలో దాన్నిబట్టి కొంత, మిగతాదంతా ఎవరో ఆఫీసులో కూర్చుని వేసిన లెక్క. ఆ లెక్కలో వాడి ఊరి వాళ్ళ ప్రయాణం ఖర్చు ఎప్పుడూ కలపలేదు. రేపు మనలో కొందరం ఆ కుర్చీల్లో కూర్చుంటాం. అందుకే ఇది తెలుగు క్లబ్బు పత్రికలో రాస్తున్నా, ఇంజినీరింగ్ విద్యార్థులకే రాస్తున్నా.

పాత బ్రిడ్జిని ఏం చేద్దాం?

మొదట్లో నా పోర్చుగల్ సెమినార్ సంగతి చెప్పాను కదా. పోర్టో నగరంలో డౌరో నది మీద మరియా పియా అనే రైలు వంతెన ఉంది. 1877లో ఐఫెల్ కంపెనీ కట్టింది. 160 మీటర్ల ఇనప విల్లు. 1991లో పక్కన కొత్త వంతెన రాగానే దాని మీద రైళ్ళు ఆగిపోయాయి. మన హేవలాక్ కథే. అయితే రైళ్ళు ఆగకముందే వాళ్ళు దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అదే ఊళ్ళో సావ్ బెంతో స్టేషన్ హాలు గోడలకి సుమారు 20,000 నీలి పెంకులు అతికించి, వాళ్ళ దేశ చరిత్ర బొమ్మలుగా వేశారు. టికెట్ కోసం నిలబడ్డవాడు చరిత్ర చదవకుండా రైలెక్కలేడు.

మన రాజమండ్రి స్టేషన్ గోడ మీద అలా వేయాలంటే ఏం వేస్తాం? నా జాబితా ఇది: భారతం మొదలుపెడుతున్న నన్నయ, 1881లో మొదటి వితంతు వివాహం జరిపిస్తున్న వీరేశలింగం పంతులు, లాకుల దగ్గర పడవ, బావి పునాదిలోకి దిగుతున్న కూలీ, లేసు అల్లుతున్న మామ్మ. చివర ఒక పలక ఖాళీగా వదిలేస్తాను, అమలాపురం రైలు కోసం.

మీ జాబితా మీరు రాయండి. వచ్చే సంచికకి పంపండి. దానికి ముందు ఒక పని చేయండి. ఒక ఆదివారం జనరల్ టికెట్ తీసుకుని ప్యాసింజర్లో మీ ఇష్టమొచ్చిన లైను చివరిదాకా వెళ్ళండి. ప్రతి స్టేషన్ దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ స్టేషన్ ఇక్కడే ఎందుకుంది? రైలు రాకముందు ఈ ఊరివాళ్ళు ఎలా వెళ్ళేవారు? ఈ లైను ఏ ఊరిని వదిలేసింది? ఇయర్‌ఫోన్స్ తీసేసి పక్కవాళ్ళని అడగండి. మన జిల్లాల్లో అడిగితే చెప్పనివాళ్ళు లేరు, ఆపడమే కష్టం.

మొన్న నెల నా రూమ్మేట్‌తో కలిసి కోటిపల్లి వెళ్ళాను. స్టేషన్ చూసి, పట్టాలు అయిపోయిన చోటు చూసి, రేవుకి నడిచాం. పంటు అవతలి గట్టు నుంచి నెమ్మదిగా వస్తోంది. నీళ్ళలో రైలు వంతెన స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి, పైన ఏమీ లేకుండా. వాడు వాటిని వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సగంలో ఆపి, "మా నాన్న నన్ను ఇక్కడికి తీసుకొచ్చి, నువ్వు కాలేజీకెళ్ళే టైముకి రైలొచ్చేస్తుంది అన్నాడ్రా" అన్నాడు.

పంటు వచ్చింది. ఎక్కి అవతలికి వెళ్ళాం. వాళ్ళమ్మ పనసపొట్టు కూర చేసింది.